శిబిరంలో గుడ్‌బై పాఠం

ఇకమీదట ఎల్బీ నగర్ దీక్షా శిబిరంలో ఎవరూ ఎవరినీ తెలుగులో పలకరించరాదని డివిజన్ నాయకుడు జానయ్య గారు మైకులో ప్రకటించారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఇంత దూరదృష్టి గల నిర్ణయం ఆ చౌరస్తాలో వెలువడలేదు. బస్సుల హారన్లలో ఎవరికీ సరిగ్గా వినపడకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు.

కారణం ముందురోజు జరిగిన ఒక చిన్న సంఘటన. టీవీ విలేకరి ఒకాయన కెమెరాతో టెంటులోకి వచ్చి, ఇక్కడి మర్యాద ప్రకారం, "తిన్నరా అన్నా?" అని పలకరించాడు. మెడలో దండతో నిరాహార దీక్షలో కూర్చున్న తిరుపతి, అదే మర్యాద ప్రకారం, "ఆ, ఇప్పుడే తిన్న. మీరు?" అన్నాడు. పాపం, తిరుపతి పొద్దుటినుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదు. అయినా రాత్రి వార్తల్లో ఆ ముక్కనే తిప్పి తిప్పి వేశారు.

"తెలుగుల ఏ ముచ్చట తీసినా తిండి కాడికే పోతది," అని జానయ్య గారు వివరించారు. "ఇంగ్లిష్ల ఆ పరేషాన్ లేదు. పైగా రాష్ట్రం ముచ్చట తేల్చనీకి వస్తున్న ఢిల్లీ బృందం శుక్రవారం ఈడికెళ్లే పోతది."

నేర్పే బాధ్యత శ్రీరామమూర్తి మాస్టారి మీద పడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో జానయ్య గారి మేడమీది గదిలో ఆయన స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతారు. సొంతూరు తణుకు దగ్గర. బోర్డు మీద 'గోదావరి' అన్న మాట ఉండేది. గొడవలు మొదలైన వారమే దానిమీద తానే తెల్లకాగితం అంటించుకున్నారు.

ఆ గది పార్టీ ఆఫీసుకు కావాలని జానయ్య గారి మనసులో ఉన్నట్టు వీధంతటికీ తెలుసు. ఆ మాట చెప్పడానికే ఆయన చాలాసార్లు మేడెక్కారు. ఎక్కి, టీ తాగి, పిల్లల పరీక్షల గురించి మాట్లాడి, "సరే సార్, మళ్లొస్త" అని దిగిపోయేవారు. ఏళ్ల తరబడి సారూ అని పిలిచిన మనిషిని ఖాళీ చెయ్యమనడానికి ఆయనకు నోరు రాలేదు. నాయకుడికి ఇంతకంటే సున్నితమైన మనసు ఉండదు.

మాస్టారు గది వదలలేకపోవడానికి కారణం తలుపు పక్కనున్న కుర్చీ. కొత్తగా చేరేవాళ్ల పేర్లు ఆయన భార్య హనుమాయమ్మ గారు అందులో కూర్చుని రాసుకునేవారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇంటికి తీసుకెళితే అది ఉత్త కుర్చీ అయిపోతుంది. ఆ తలుపు పక్కన ఉన్నంతకాలం ఆవిడది.

"మీరు మావోళ్లకు నేర్పుర్రి సార్. గది సంగతి తర్వాత చూస్కుందాం," అన్నారు జానయ్య గారు. ఆ 'తర్వాత'ను మాస్టారు హామీగానే తీసుకున్నారు.

మర్నాడు టెంటులో పాఠం మొదలైంది. జానయ్య గారు పిడికిలెత్తి "గుడ్" అంటే, జనం పిడికిళ్లెత్తి "మార్నింగ్" అన్నారు. పలకరింపుకు పిడికిలి అక్కర్లేదని మాస్టారు మెల్లగా చెప్పారు. అది దించడానికే గంట పట్టింది.

ఆ రోజు దీక్షలో కూర్చునే వంతు అండాలమ్మది. నల్గొండ నుంచి వచ్చి, మాస్టారి మేడమెట్ల కిందే పూలమ్ముకుంటుంది.

"పొద్దుగాల సరే సారూ. పగటీలి ఆకలితోటి పేగులు మాడుతుంటే గుడ్ ఆఫ్టర్నూన్ ఎట్లయితది?"

"అది ఎదుటివాళ్లకి బాగుండాలని కోరడం అమ్మా."

"ఆల్లు తినే వస్తరు గద. ఇంకేం బాగుండాలె?"

మాస్టారు దగ్గి, వీడ్కోలు పాఠానికి వెళ్లారు. "ఇట్ వజ్ ఎ ప్లెజర్ హావింగ్ యూ విత్ అస్. థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్. హావ్ ఎ సేఫ్ జర్నీ. అంటే, మీరు మాతో ఉండటం సంతోషం, అన్నిటికీ కృతజ్ఞతలు, క్షేమంగా వెళ్లండి అని."

"ఇంటికొచ్చినోల్లను ఎల్లుమంటమా?" అంది అండాలమ్మ. "పోయి రమ్మని చెప్పుర్రి."

"ఇంగ్లిష్‌లో 'పోయి రండి' లేదమ్మా."

"అంటే మల్ల రావొద్దనా?"

"వద్దనీ కాదు, రమ్మనీ కాదు. మర్యాద, అంతే."

ఈ మాట దగ్గర జానయ్య గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఎదుటోనికి కోపం రాదా సార్?"

"రాదండి. తిరిగి థాంక్యూ అంటాడు."

"పొమ్మంటే థాంక్యూ అంటడా?"

"అనే తీరాలి. అది పద్ధతి."

"షేక్‌హ్యాండ్ ముందా, తర్వాతనా?"

"చివర్లో. చిరునవ్వుతో."

అంత శ్రద్ధగల విద్యార్థి మాస్టారికి చాలాకాలంగా దొరకలేదు. పలకరింపులు తిరుపతి వంతు చేసి, జానయ్య గారు వీడ్కోలు ఒక్కటే పట్టుకుని సాధన చేశారు. అద్దం ముందు కూడా చేశారట.

శుక్రవారం ఢిల్లీ బృందం నల్గొండ వైపు నుంచి వచ్చింది. కార్లు ఆగకుండా సాగిపోయాయి. చివరి కారును మాత్రం సిగ్నల్ ఆపింది. శిబిరంలోని నాయకుల తెల్లచొక్కాలన్నీ రోడ్డు మీదికి ఉరికాయి. టీవీ కెమెరాలూ వెంట ఉరికాయి. తిరుపతి గొంతు సవరించుకున్నాడు.

అద్దం దిగింది. లోపలున్న పెద్దాయన దండలు వేసుకున్నవాళ్లను ఆప్యాయంగా చూసి, "నమస్తే. అందరు తిన్నరా?" అన్నాడు. ఆయనది వరంగల్ అని తర్వాత తెలిసింది.

"తిన్నం సార్," అంది శిబిరమంతా ఒక్క గొంతుతో.

పచ్చలైటు పడింది. కారు వెళ్లిపోయింది. అంత కష్టపడి నేర్చుకున్న గుడ్‌బై జానయ్య గారి నోట్లోనే మిగిలిపోయింది. చదువు వృథా కావడం ఇష్టంలేని మనిషి ఆయన.

సోమవారం సాయంత్రం జానయ్య గారు మేడెక్కారు. తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. మాస్టారు అలవాటుగా టీ చెప్పబోయారు. జానయ్య గారు చెయ్యెత్తి ఆపి, నిటారుగా నిలబడ్డారు.

"గుడ్ ఈవినింగ్ సర్. ఇట్ వజ్ ఎ ప్లెజర్ హావింగ్ యూ విత్ అస్. థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్. హావ్ ఎ సేఫ్ జర్నీ."

చివర్లో చెయ్యి చాచారు. చిరునవ్వు కూడా సరిగ్గా వచ్చింది.

"థాంక్యూ," అన్నారు మాస్టారు, చెయ్యి కలిపి. "వెరీ గుడ్ అండీ. ఒక్క తప్పు లేదు."

అప్పుడు జానయ్య గారి వెనక, గుమ్మంలో, పార్టీ ఆఫీసు కొత్త బోర్డు మోసుకుని నిలబడ్డ తిరుపతి కనిపించాడు. బోర్డు బరువుగా ఉన్నట్టుంది. దాన్ని కాసేపు ఆ కుర్చీకి ఆనించాడు.

మాస్టారు కుర్చీని తానే మెట్ల మీదుగా దించుకున్నారు. కింద మల్లెదండ మూరలు కొలుస్తున్న అండాలమ్మ తలెత్తి ఆయన్నీ, కుర్చీనీ చూసింది. అది శిబిరం కాదు గనక తెలుగులోనే పలకరించింది.

"తిన్నరా సారూ?"

పొద్దుటి టీ తరవాత ఆయన ఏమీ ముట్టలేదు.

"ఆ, ఇప్పుడే తిన్నానమ్మా," అన్నారు. "నువ్వో?"