పద్నాలుగు వంటకాల పూట

మనిషి ఆకలి తీర్చడానికి ఇంతవరకూ కనిపెట్టిన పద్ధతులన్నింటిలోకీ మహోన్నతమైనది, ఒకే పూటలో పద్నాలుగు సార్లు వడ్డించి కూడా ఆకలిని చెక్కుచెదరకుండా కాపాడడం. పెద్ద హోటళ్ళు దీన్ని టేస్టింగ్ మెనూ అంటాయి. (ఇళ్ళలో దీన్నే ఉప్పు చూడడం అంటారు. అందుకు నెల ముందు బుక్ చేసుకోనక్కర్లేదు.)

పార్సెళ్ళ కౌంటర్లో పనిచేసే ఇల్లాలు ఈ పద్ధతి జోలికి తనంతట తాను పోలేదు. శని, ఆదివారాలు ఎక్కడికైనా వెళ్దామని భర్త అన్నప్పుడు ఆమె కోరింది ఒక్కటే: ఎక్కడైనా సరే, ఒక్క పూట కూర్చున్న చోటు నుంచి లేవకుండా, వేడిగా తినాలి. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అలా తిన్న దాఖలాలు లేవు. ఇంట్లో అందరికీ వడ్డించేసరికి అన్నం చల్లారుతుంది. కౌంటర్లో డబ్బా మూత తీసేసరికి ఎవరో ఒకరు పార్సెల్ పట్టుకొస్తారు. భర్త బీమా ఆఫీసులో క్లెయిములు చూసే మనిషి కనుక, ఆమె కోరికను క్షుణ్ణంగా పరిశీలించి పద్నాలుగు వేడి వంటకాలు మంజూరు చేశాడు. ఆమె నిజంగానే మురిసిపోయింది. ఆ పొద్దున టిఫిన్ కూడా మానేసింది.

వాళ్ళు దిగిన హోటల్ భోజనశాల గుమ్మంలో ఆమెకూ, భర్తకూ, అత్తగారికీ, కాలేజీ చదివే కూతురికీ తలా ఒక ఫారం ఇచ్చారు. పులుపుతో మీ సంబంధం ఎలాంటిది: స్నేహమా, ముఖపరిచయమా, మాటల్లేవా? అత్తగారు తనకు పళ్ళు లేవని రాయమంది. అందుకు గడి లేకపోవడంతో పుట్టుమచ్చల గడిలో రాశారు.

తర్వాత వడ్డన వ్యవహారాల అధికారి నిబంధనలు చదివి వినిపించాడు. వివరణ ముగిసేదాకా వంటకాన్ని ముట్టుకోరాదు. ఎవరైనా కుర్చీలోంచి లేస్తే వారి పళ్ళెం తక్షణం వంటింటికి వెళ్ళిపోతుంది, ఎందుకంటే చల్లారిన వంటకం తినిపించడం సంస్థ గౌరవానికి భంగం. వేడిగా తినే హక్కుకు ఇంతటి రక్షణ ఉందని విని ఇల్లాలికి ప్రాణం లేచొచ్చింది.

మొదటి వంటకం చొక్కా గుండీ అంత ఉంది. వివరణాధికారి దాని పుట్టుక, బాల్యం, అది పడ్డ కష్టాలు చెప్పి వెనక్కి తగ్గాడు. ఆమె చెంచా ఎత్తింది. అప్పుడే అత్తగారు, "అమ్మాయ్, నా మాత్రలు గదిలో మర్చిపోయావు" అంది. మర్చిపోయింది అత్తగారే. అయితే ఆ ఇంట్లో మతిమరుపులన్నీ మొదటి నుంచీ ఇల్లాలి పేరు మీదే నమోదవుతున్నాయి. ఆమె మాత్రలతో వచ్చేసరికి పళ్ళెం సగౌరవంగా వెళ్ళిపోయింది.

రెండో వంటకానికి భర్త కళ్ళజోడు కావాల్సి వచ్చింది. (ఆ వంటకం కళ్ళజోడుతోనూ కనిపించలేదు.) మూడోదానికి కూతురి ఛార్జరు. నాలుగోదానికి అత్తగారి శాలువా. ఐదో వంటకానికి ఆమె ఆసాంతం కూర్చోగలిగింది గానీ, అది ఒట్టి వాసన. గాజు మూత ఎత్తి, పీల్చమని చెప్పి, మళ్ళీ మూసి పట్టుకెళ్ళిపోయారు. అలా ఎనిమిది వంటకాలు గడిచేసరికి ఆమె కడుపులో పడింది మంచినీళ్ళే.

తొమ్మిదోది వచ్చినప్పుడు అత్తగారికి గోరువెచ్చని నీళ్ళు కావాల్సి వచ్చాయి. ఆమె లేస్తుంటే భర్త ఆపాడు.

"కాసేపు స్థిమితంగా కూర్చోవచ్చు కదా? నీకోసమేగా ఇదంతా."

ఆ మాటలో విసుగు లేదు. ఉన్నది అచ్చమైన ప్రేమే, చిక్కంతా అక్కడే ఉంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఎలాగూ లేచాను కదా అని చేతులు అలవాటుగా ఖాళీ పళ్ళేలు పోగేశాయి, పెద్దవి కింద, చిన్నవి పైన. గుడ్డ అంచుతో బల్ల తుడిచి, ఆ దొంతర పట్టుకుని ఆమె వంటింటి వైపు నడిచింది.

వంటింటి గుమ్మంలో సిబ్బంది హాజరు చూసే పర్యవేక్షకుడు నిలబడి ఉన్నాడు. పళ్ళేలు అంత పొందిగ్గా దొంతర పెట్టే మనిషి కస్టమరు అయ్యే అవకాశం ఆయన అనుభవంలో లేదు. ఇంకా తినలేదా, మీ బంతి లేచిపోతోంది, వెళ్ళి కూర్చోండి అన్నాడు. తాను ఫలానా బల్ల తాలూకు మనిషినని ఆమె చెప్పాల్సింది. ఆకలి ఆ మాటను గొంతు దాటనివ్వలేదు. అత్తగారికి వేడినీళ్ళు కావాలని మాత్రం చెప్పింది. వాటిని ఇంకెవరో పట్టుకెళ్ళారు, లోకం ఏమీ తలకిందులు కాలేదు.

లోపల పొడవాటి బెంచీ మీద వంటవాళ్ళు తింటున్నారు. అంట్లు తోమే ఆవిడ ఆమె ముందు పళ్ళెం పెట్టి, పొగలు కక్కే అన్నం, దాని మీద కూర గుమ్మరించింది. వివరణ ఏమీ ఇవ్వలేదు. రెండు ముద్దలు తిని, మంచినీళ్ళ కోసం ఇల్లాలు అలవాటుగా లేవబోయింది.

"కూర్చో అక్కా," అంది ఆవిడ భుజం మీద చెయ్యి వేసి. "తింటున్న మనిషి లేవడమేంటి? ఏం కావాలో చెప్పు, నేను తెస్తా."

ఇలాంటి మాట ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర కారమయిందేమో అనుకుని ఆవిడ ఇంకాస్త అన్నం వేసింది.

అరగంట తర్వాత చెయ్యి కడుక్కుని, తలుపుకున్న గాజు కిటికీలోంచి ఇల్లాలు హాల్లోకి చూసింది. వాళ్ళ బల్ల దగ్గర వడ్డన అధికారి రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. వంటవాళ్ళు చెప్పినదాన్ని బట్టి, పద్నాలుగో వంటకం కుటుంబ ఐక్యతకు అంకితమట, బల్ల దగ్గర అందరూ ఉన్నారని ఇంటి పెద్ద ధ్రువీకరిస్తే గాని వడ్డించరట. ఆమె కుర్చీలో హ్యాండ్‌బ్యాగు కూర్చుని ఉంది. ఇక వెళ్ళాలి కాబోలు అనుకుని ఆమె తలుపు కొద్దిగా తోసింది. భర్త తల్లి వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు.

"అందరం ఉన్నామండీ," అన్నాడు. "తెచ్చేయండి."

ఆమె తలుపు వదిలేసి, వెనక్కి వచ్చి, బెంచీ మీద తన చోట్లో కూర్చుంది. ఇంకా ఉందా అని అడిగితే, ఉందక్కా అని అంట్లావిడ గరిటె అందుకుంది. అధికారి రిజిస్టరులో టిక్కు పెట్టి, వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆర్డరు చదివాడు: కుటుంబం మొత్తం హాజరు, మూడు పళ్ళేలు.