అసెంబ్లీ పాయింట్‌లో తీతువు

ఆ పొద్దున రుచిత వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి సైరన్ మోగాలి. నూట ఎనభై ఆరుగురూ మెషీన్లు ఆపి బయటికొచ్చి, గేటు పక్కన కంకర పరచిన జాగాలో ‘అసెంబ్లీ పాయింట్’ అన్న పచ్చ బోర్డు ముందు వరుసగా నిలబడాలి. ట్యాంకులు కొనే పెద్ద కంపెనీ తరఫున సునంద మేడమ్ వచ్చి టైము చూసుకుంటుంది. అంతే.

ఇస్నాపూర్ దాటాక నీళ్ల ట్యాంకులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో రుచిత సేఫ్టీ ఆఫీసర్‌గా చేరి ఐదు నెలలైంది. పోయినసారి ఫైర్ డ్రిల్లులో జనం బయటికి రావడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. సగంమంది క్యాంటీన్‌లో దొరికారు. ఈసారీ అలాగే అయితే ఉద్యోగం పర్మనెంట్ కావడం కష్టమని మేనేజర్ శ్రీశైలం సారు చెప్పేశారు.

ఎనిమిదింటికి కంకర ఊడ్వడానికి పోయిన ముత్యమ్మ ఊడ్వకుండానే తిరిగొచ్చింది.

"మేడమ్, ఆడ ఊడ్వరాదు. తీతువ పిట్ట గుడ్లు వెట్టింది."

రుచిత వెళ్లి చూస్తే ఏమీ కనబడలేదు. ముత్యమ్మ వేలు పెట్టి చూపించాక, తన బూటుకు జానెడు దూరంలో ఉన్న నాలుగు రాళ్లు రాళ్లు కావని తెలిసింది. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. గూడంటూ లేదు, కంకరలో చిన్న గుంట, అంతే. పసుపుపచ్చని పొడుగు కాళ్ల పిట్ట ఒకటి నెత్తిమీద తిరుగుతూ గొంతు చించుకుంటోంది.

"గింత చప్పుడుల, ఫోర్క్‌లిఫ్టులు తిరిగే కాడ ఎట్ల పెట్టింది ముత్యమ్మా?"

"ఇది మేం కూలికి వొయ్యిన చెలకనే గద బిడ్డా. అప్పుడు గా చెలకల్నే పెట్టేది. చెలక పోయి కంపినీ అయింది. నేను కంపినీల జేరిన, అది గూడ జేరింది. ఈడ కుక్కలు రావు, బర్లు తొక్కవు, చుట్టూ గోడ."

రుచితకు కుతూహలం ఆగలేదు. షెడ్డు చాటున నిలబడి చూసింది. ఫోర్క్‌లిఫ్ట్ పక్కనుంచే పోయినా పిట్ట కదల్లేదు. మనిషి నడిచి వస్తే మాత్రం లేచి రచ్చ చేసింది. కాసేపటికి కూలింగ్ పంపు కింద కారిన నీళ్లలో పొట్ట తడుపుకుని, గబగబా వచ్చి ఎండకు వేడెక్కిన గుడ్ల మీద కూర్చుంది. మెషీన్లను చల్లార్చే నీళ్లతో గుడ్లను చల్లారుస్తోంది! ఆ పంపు కారుతోందని ఐదు నెలలుగా ఫిర్యాదు చేస్తున్న రుచితకు ఆ రోజు ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు.

డ్రిల్లును పార్కింగ్ జాగాకు మార్చాలనుకుంది. గుడ్ల చుట్టూ నాలుగు కర్రలు పాతి ఎర్ర రిబ్బను కట్టింది. క్యాంటీన్‌కు తెలిస్తే గుడ్లు పెనం మీదికెక్కుతాయని భయపడి, సెక్యూరిటీ కొమురయ్యకు ఫోన్ చేసింది.

"కొమురయ్యా, రిబ్బను లోపటికి ఎవర్నీ పోనియ్యకు. ఏమున్నదో ఎవ్వరికీ చెప్పకు. మస్తు విలువైనయి."

కొమురయ్య వచ్చి ఎంత చూసినా రాళ్లే కనబడ్డాయి. ఇంతలో ముత్యమ్మ పిట్ట కోసం గిన్నెడు నీళ్లు తెచ్చి రిబ్బను దగ్గర పెట్టి, ఎందుకైనా మంచిదని దండం పెట్టి పోయింది. టీ క్యాను మోసుకుపోతున్న చిన్నరాములు ఆ దండం చూశాడు.

"ఏందన్నా గిది?"

"చెప్పొద్దన్నరు. మస్తు విలువైనయంట."

"యాడున్నయి?"

"పైనైతే రాళ్లే ఉన్నయి."

"అంటే కిందున్నట్టే గద!"

పదిన్నరకు టీతో పాటు ఆ మాట షెడ్డులోకి వెళ్లింది. మౌల్డింగ్ దగ్గర అది ఒక బిందె. ప్యాకింగ్‌కు చేరేసరికి లంకెబిందెలు. బీహార్ కార్మికులు "నీచే సోనా హై", కింద బంగారముందని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. స్టోర్స్‌లో ఎవరో మిగతాది పూరించారు: "పదకొండింటికి బయటినుంచి ఆఫీసరమ్మ వస్తున్నదంట గద, గందుకే. మొత్తం పట్కపోతది."

పదకొండుకు ఐదు నిమిషాల ముందు ఫ్యాక్టరీలో మెషీన్లన్నీ ఆగిపోయాయి.

పార్కింగ్‌లో బోర్డు నిలబెడుతున్న రుచితకు ఆ నిశ్శబ్దం వింతగా తోచింది. తలెత్తితే, జనమంతా కంకర వైపు పరుగెడుతున్నారు.

"ఆగుండ్రి! తొక్కకుండ్రి!" అంటూ ఆమె ఉరికింది. ఆమె కేకతో, అనుమానం ఉన్నవాళ్లకూ ‘ఉన్నది నిజమే’ అని నమ్మకం కుదిరింది.

ముందున్న చిన్నరాములు రిబ్బను దాటబోయాడు. తీతువు చక్కర్లు కొట్టి దూసుకొచ్చి అతని టోపీ ఎగరగొట్టింది. తర్వాత నేలమీద వాలి, ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, ఘోరంగా అరుస్తూ పక్కకు పాకింది. గుడ్ల నుంచి శత్రువును మళ్లించే నటన అది. చిన్నరాములుకు అలా అనిపించలేదు.

"నిధికి కావలున్న పిట్టరో! దాటితే రక్తం కక్కుకోని సస్తం! ఎనకకు జరుగుండ్రి!"

జనం బెదిరి వెనక్కి జరిగి, తోసుకోకుండా, చేతులు కట్టుకుని వరుసగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఆఫీసులో శ్రీశైలం సారు సునంద మేడమ్ ముందు సైరన్ నొక్కారు. ఆఫీసరమ్మ వచ్చేసిందనుకుని అందరూ ఇంకా నిటారుగా నిలబడ్డారు.

సునంద మేడమ్ స్టాప్‌వాచీతో మలుపు తిరిగి చూసి ఆగిపోయింది. మనుషులను రెండుసార్లు లెక్కపెట్టింది. నూట ఎనభై ఆరు.

"ముప్పై ఎనిమిది సెకన్లు! పద్నాలుగేళ్లలో ఇట్లాంటిది చూడలేదు. ఎట్లా ట్రైనింగ్ ఇచ్చారమ్మా?"

రుచితకు అబద్ధం నోట్లోకొచ్చింది గానీ బయటికి రాలేదు. గుడ్లు, రిబ్బను, దండం, లంకెబిందెలు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. పక్కన శ్రీశైలం సారు కళ్లు మూసుకున్నారు.

సునంద మేడమ్ రిబ్బను దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు వెతికింది. "ఏవీ? ఆఁ... అవేనా! అబ్బ, ఎంత బాగా దాచింది!" లేచి మోకాళ్లు దులుపుకుంది. "ఎందుకొచ్చారన్నది నా ఫారంలో లేదమ్మా. ఎంతసేపట్లో వచ్చారన్నదే ఉంది. అసెంబ్లీ పాయింట్‌లో పిట్ట ఉండటం వల్ల సిబ్బంది అప్రమత్తంగా ఉన్నారని రాస్తాను."

మూడు వారాలకు నాలుగు పిల్లలూ గుడ్లలోంచి బయటపడి, ఒళ్లు ఆరగానే తల్లి వెనక కూలింగ్ పంపు వైపు నడిచాయి. ముత్యమ్మ, రుచిత షెడ్డు చాటునుంచి చూశారు. ఆ వారమే రుచిత ఉద్యోగం పర్మనెంట్ అయినట్టు ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరంతో పాటే, కంపెనీ రెండో ప్లాంటులో కూడా వెంటనే ఒక తీతువును నియమించాలని శ్రీశైలం సారు మెయిల్ పెట్టారు.