అరంగుళం తీగ మహాసంగ్రామం

మార్తాండుడు తన ప్రచండకిరణములతో షెడ్డు రేకులను పెనమువలె కాల్చుచున్న మధ్యాహ్నవేళ, గ్రీజుపరిమళభరితమగు ఆ మెకానిక్ షెడ్డున, నడచుచు నడచుచు నడిరోడ్డుపై మూర్ఛిల్లు స్వభావముగల ఒక టాక్సీ బానెట్టు తెరచుకొని నిలిచియుండెను. ఇంజిన్ వేగమును కనిపెట్టు సెన్సారును షెడ్డు యజమానియు, త్రింశద్వర్షానుభవగర్వితుడును అగు మామయ్య అప్పటికి మూడు మారులు మార్చెను. మూడు మారులును బండి మరల ఆగెను.

అంతట, పంక్చర్లకు మాత్రమే నియుక్తురాలైన ఆయన మేనకోడలు విద్యుత్తును కొలుచు మల్టీమీటరు ధరించి ముందునకు వచ్చెను.

"సెన్సార్ బాగానే ఉంది మామయ్యా. తేడా తీగలోనే ఉంది."

"తీగకేం రోగం? పోయినేడు నా చేత్తో కట్టాను!" అని మామయ్య సింహనాదము చేసెను. "సరే, వెతుకు. దొరికిందా, రేపట్నుంచి ఇంజిన్లు నీవి. దొరక్కపోతే నోరెత్తకుండా టైర్ల దగ్గర కూర్చోవాలి."

ఆ పిల్ల రెండేండ్లుగా కలలో సైతము ఇంజిన్లనే చూచుచుండెను. అయినను పైకి తొణకలేదు.

"అయితే నువ్వు సీట్లో కూర్చుని ఇంజిన్ లైటు చూస్తూ ఉండు. వెలిగితే గట్టిగా చెప్పు."

తన ఓటమిని తానే చాటవలసిన కొలువు అది యని యెరుగక, మామయ్య డ్రైవరు సీటను సింహాసనము నధిష్ఠించెను. ఇంజిన్ గర్జించెను. మేనకోడలు నల్లని తీగలకట్టను వ్రేళ్ళతో పట్టి, అంగుళమంగుళము కదుపుచు ముందునకు సాగెను.

"లేదు... లేదు... చెప్పానా, లేదు!"

బ్యాటరీ ప్రక్క మలుపులో, ప్లాస్టిక్ టై బిగించిన చోట ఆమె వ్రేలు తగిలినంతనే ఇంజిన్ గుటుక్కుమనెను.

"వెలిగింది!" అని అరచి, మామయ్య నాలుక కరచుకొనెను.

"మళ్ళీ స్టార్ట్ చెయ్యి."

"మళ్ళీ వెలిగింది! ఏం చేశావే?"

ఆమె టైని కత్తిరించి తొడుగు చీల్చెను. పైకి చెక్కుచెదరని తీగకు లోపల, టై బిగిసిన చోటనే, అరంగుళము మేర రాగి తెగియుండెను.

"గట్టిగా బిగించానే..." అని మామయ్య గొణిగెను.

"గట్టిగానే బిగించావు మామయ్యా."

ప్రక్కనే నిలిచి చూచుచున్న టాక్సీ డ్రైవరు నవ్వాపుకొనలేక అటు తిరిగెను. మామయ్య కొంతసేపు తల గోకికొని, తిన్నగా పోయి టైర్ల కడ పీటపై కూర్చుండెను.

"ఆ పంక్చర్ నేను చూస్తాలే. నువ్వు ఆ మూలనున్న తెల్లకారు ఇంజిన్ సంగతి చూడమ్మా."

జనులారా, వినుడు! ఇట్లు అరంగుళము రాగితీగ జయింపబడెను. విజేత తెగిన తీగను అతికి, చేతులు తుడుచుకొని, తెల్లకారు బానెట్టు నెత్తెను.