మంత్రిగారి తూటా

ఇకమీదట దేశంలో ల్యాగ్ అనే మాట వినపడదని సమాచార సాంకేతిక శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఆన్‌లైన్ తుపాకుల ఆటల్లో ఇక్కడ బటన్ నొక్కితే తూటా అక్కడ తీరిగ్గా చేరడం, చేరినా తగిలినట్టు లెక్కలోకి రాకపోవడం నిన్నటి మాట అన్నారు. రుజువుగా బుధవారం పత్రికలవాళ్ళ ఎదుట తానే ఆడి చూపిస్తానన్నారు. ఇంతటి సాహసి ఆ శాఖకు మునుపెన్నడూ దొరకలేదు.

ప్రత్యర్థిని పి.ఏ. ఎంపిక చేశాడు. రిటైరైన లెక్కల టీచరమ్మ, అరవై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఫోటో చూసి ఖాయం చేశాడు. మూడేళ్ళుగా నగర పోటీల్లో ఆవిడదే మొదటి స్థానమన్న సంగతి ఫోటో వెనక ఉంది.

ఏర్పాట్లన్నీ శాఖలోని కాంట్రాక్టు ఇంజనీరు మీద పడ్డాయి. ఆ అమ్మాయి కాంట్రాక్టు నెలాఖరుతో సరి. రెన్యూవల్ ఫైలు పి.ఏ. బల్లమీద ఉంది. అందుకని ప్రాణం పెట్టి పనిచేసింది. ఆటను నడిపే సర్వర్‌ను ఏకంగా మంత్రిగారి కుర్చీ పక్కకే తెచ్చి పెట్టింది. టీచరమ్మ మాత్రం ఊరి చివర తన ఇంట్లోంచి, చినుకు పడితే మూలిగే కనెక్షన్ మీద ఆడింది.

ఆట పదకొండు నిమిషాలు సాగింది. మంత్రిగారు ఇరవైసార్లు పోయారు. టీచరమ్మ ఒక్కసారీ పోలేదు.

"నేను కాల్చాను. తగల్లేదు. ఇది ల్యాగే," అన్నారు మంత్రిగారు.

పి.ఏ. పత్రికలవాళ్ళను టీకి పంపి తలుపేశాడు.

"ఏమ్మా, ల్యాగ్ ఉందా?" అని ఇంజనీరును అడిగాడు.

"లేదండి. సర్వర్ సార్ మోకాలికి తగులుతోంది."

"అంటే సార్‌కి ఆడ్డం రాదంటావు."

"నేనలా అన్లేదండి."

"పోనీ ఉందంటావా? సోమవారమే లేదన్నాం కదా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు పి.ఏ. బల్లమీది ఫైలు గుర్తొచ్చింది.

"టీచరమ్మగారి లైను నెమ్మదండి," అంది చివరికి. "సార్ తూటా తగిలే ఉంటుంది. ఆవిడ పోయే ఉంటారు. ఆ కబురు ఆవిడకింకా అంది ఉండదు."

మంత్రిగారి ముఖం విప్పారింది. "చదువంటే ఇదీ."

పి.ఏ. అప్పటికప్పుడు ఉత్తర్వు రాశాడు. 'టీచరమ్మ బుధవారం మరణించినట్టు శాఖ ధ్రువీకరిస్తోంది' అన్నది మొదటి పేజీలో పట్టింది. 'ఆటలో' అన్న ముక్క రెండో పేజీకి పోయింది. కంప్యూటర్లోకి ఎక్కించింది మొదటి పేజీనే. ఉత్తర్వు నాలుగు సెకన్లలో అన్ని శాఖలకూ చేరింది.

గురువారం టీచరమ్మ ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, లైబ్రరీలో నాకు పుస్తకం ఇవ్వలేమన్నారు. పోయినవాళ్ళకి ఇవ్వరట. కాస్త చూస్తావా?"

ఇంజనీరు పరుగున వెళ్ళి పి.ఏ.కు చెప్పింది.

"దిద్దొచ్చు, దాందేముంది," అన్నాడతను. "సార్ తూటా తగల్లేదని రాసి సంతకం పెట్టాలి. పెడతావా?"

ఆమె సంతకం పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. సాయంత్రానికి రెన్యూవల్ కాగితం చేతికొచ్చింది. దాన్ని తెరిచి చూడబుద్ధి కాక, మడిచి సంచి అడుగున తోసింది.

సంతాప సందర్శనల జాబితా కంప్యూటరే తయారుచేస్తుంది. శుక్రవారం మంత్రిగారు పూలగుచ్ఛం పట్టుకుని, కెమెరాలను వెంటేసుకుని, నగర ఛాంపియన్ ఇంటికి బయల్దేరారు. సాంకేతిక సహాయానికని ఇంజనీరునూ తీసుకెళ్ళారు. ఆమె అందరికంటే వెనక, కళ్ళు నేలకేసి నిలబడింది.

తలుపు టీచరమ్మే తీసింది.

"రండి బాబూ. ఎవరు పోయారు?"

మంత్రిగారు చేతిలోని పూలవంక చూశారు. ఆవిడ వంక చూశారు. మెల్లగా వెనక్కి తిరిగి, ఇంజనీరుకు మాత్రమే వినపడేట్టు అన్నారు.

"ఏమ్మా, ఇక్కడ ఇంకా ల్యాగ్ ఉందే."