మిడతల మారాజు లాగు

ఆ ఆదివారం ప్లాను చాలా చిన్నది. పొద్దున తొమ్మిదికల్లా జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డులో పర్శరాములు షెడ్డు కప్పు మీది నుంచి గాలిలోకి దూకాలి. ఇరవై గజాలు తేలాలి. పత్తి కుప్ప మీద కాలు మోపి వికటంగా నవ్వాలి. పదకొండుకల్లా ఇంటికి పోయి తలంటుకోవాలి. ఇన్నింటిలో తలంటు ఒక్కటే జరిగింది. అది మాత్రం మూడుసార్లు జరిగింది.

సంగతేమిటంటే, జమ్మికుంటలో జనార్దన్‌రావుకు ఒక సినిమా హాలుంది. ఎవరెవరో తీసిన సినిమాలు ఆడించి ఆడించి విసుగు పుట్టి, ఎనభై నాలుగులో తానే ఒకటి తీశాడు. కథ కోసం తల బద్దలు కొట్టుకోలేదు. రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్లో వేలాడే 'పిడుగు వీరన్న' బొమ్మల పుస్తకాల్లో మొదటిది పట్టుకుని, బొమ్మకొక షాటు చొప్పున తీసేశాడు. హాలు సొంతం కాబట్టి సినిమా యాభై రోజులు ఆడింది. చివరి ఇరవై రోజులు గేటుమనిషి ఒక్కడే చూశాడంటారు. అయినా రోజులు రోజులే కదా.

రెండో భాగం దగ్గర చిక్కొచ్చింది. మొదటి భాగంలో విలన్‌ను చంపి, కాల్చి, బూడిద మానేరులో కలిపారు. పుస్తకాల్లో మాత్రం వాడు రెండోదాంట్లో ఏమీ జరగనట్టు వచ్చి వీరన్న ఇంటి తలుపు కొడతాడు.

"కాగితం మీద లేస్తడు గని, మన హాల్ల గట్ల లేస్తె జనం ఊకుంటరా? కుర్సీలు ఇరగ్గొడ్తరు," అని జనార్దన్‌రావు దాన్ని పక్కన పెట్టి, నాలుగో పుస్తకంలోని మిడతల దొరను ఎంచుకున్నాడు. వీడు మిడతల దండును తోలుకొచ్చి రైతుల పంటలు మేపేస్తుంటాడు. సగం తాలూకా తనను కూడా దొర అనే పిలుస్తుంది కాబట్టి, ముందుజాగ్రత్తగా వాడి పేరును మిడతల మారాజుగా మార్చాడు.

ఆ వేషం పర్శరాములుకు కావాలి. సాంచెల మీద గుడ్డ నేసే పర్శరాములు మొదటి భాగంలోనూ నటించాడు, శవంగా. అత్తగారి ఊరు హుస్నాబాద్ నుంచి బస్సు పట్టుకుని వచ్చినవాళ్ళు, తెల్లబట్ట కింద రెండు పాదాలు చూసి వెళ్ళారు. "పాదాలు మస్తుగ చేసినయి అల్లుడా," అని అత్త శంకరవ్వ మనస్ఫూర్తిగానే మెచ్చుకుంది. ఆ మెప్పు పర్శరాములును రెండేళ్ళు నిద్రపోనివ్వలేదు. తెర మీద ఉన్నది తానేనని ఒక్కసారి జమ్మికుంట అంతా ఒప్పుకోవాలి. అతనికి అంతకుమించి కోరిక లేదు.

"చూడు పర్శరాములూ," అన్నాడు జనార్దన్‌రావు. "మిగిలింది ఒక్క రీలు. మధ్యాహ్నం బండికి కెమెరా హైదరాబాద్ వోతది. నువ్వెగిరేది సక్కగ వచ్చిందా, వేషం నీది. రాలేదా, హైదరాబాద్ యాక్టర్‌కు టెలిగ్రాం కొడ్త."

"జర భరోసా పెట్టు దొరా. మిడత కన్న మంచిగ ఎగుర్త."

ఎగరడం వరకూ అందరికీ సమ్మతమే. పేచీ బట్టల దగ్గర పుట్టింది. పుస్తకంలో మిడతల దొరకు ఒంటికి అతుక్కునే ఆకుపచ్చ ప్యాంటు, దాని మీద పసుపుపచ్చ లాగు ఉన్నాయి. ఆ పేజీ చూపించి కుట్టమంటే దర్జీ లచ్చయ్య అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాడు.

"గిది అచ్చుతప్పు. ప్యాంటు మీదికెళ్ళి లాగు తొడిగెటోడు ఎవడన్న ఉంటడా? బొమ్మ గీసినోడు తొందరల లోపలిది బయట గీసిండు," అని ఆ తప్పును తానే దిద్ది, ప్యాంటు లోపలికి సరిపోయే కొలతతో లాగు కుట్టాడు. ఆదివారం పొద్దున పర్శరాములు దాన్ని బుద్ధిగా లోపలే తొడుక్కుని యార్డుకు వచ్చాడు.

డైరెక్టరుగారిది తెనాలి వైపు. ఆయన పుస్తకాన్ని చూశాడు, పర్శరాములును చూశాడు.

"లాగు ఏదయ్యా?"

"లోపలున్నది సార్."

"లోపలుంటే ఎవరికి కనబడుతుంది? పైన వేసుకోవాలి. పుస్తకం చదివినవాళ్ళు ఒప్పుకోవద్దూ?"

పక్కనే టిఫిన్ డబ్బాతో నిలబడ్డ పర్శరాములు భార్య అనసూర్య ముందుకు వచ్చింది. "పైననా? నలుగుర్ల? సార్, మేం ఇజ్జత్ గల్లోళ్ళం. లాగు పైన ఏసుకొని ఈయన ఆకాశంల తిరిగితే, రేపు నేను నల్ల కాడికి నీళ్ళకెట్ల వోవాలె?"

"వాడు విలనమ్మా! విలన్లకు సిగ్గుండదు."

"విలన్‌కు లేకుంటె లేకపాయె. విలన్ పెండ్లానికి ఉంటది."

గంటసేపు ఇదే. తాడు పట్టుకోవడానికి పిలిపించిన హమాలీలు కొండల్, హనుమండ్లు బస్తాల మీద కూర్చుని లాగు లోపల ఉండాలా బయట ఉండాలా అని రెండు పార్టీలయ్యారు. చివరికి రాజీ కుదిరింది. లాగు బయటే. కాని నాడా మాత్రం అనసూర్య తన చేత్తో మూడు ముళ్ళు వేసి కడుతుంది. తీరా చూస్తే లోపలి కొలతకు కుట్టిన లాగు ప్యాంటు మీద బిగిసిపోయి, మూడు ముళ్ళు పడాల్సిన నాడా అరముడికే అయిపోయింది.

"ఊడుతదేమోనే," అన్నాడు పర్శరాములు గుసగుసగా. తరవాత హమాలీల వైపు తిరిగి, "తమ్మీ, పైన నాకు సోయి ఉండదు. లాగు జారితె జర కేకెయ్యుర్రి," అని బతిమాలాడు.

"ఫికర్ చెయ్యకన్నా. మా రెండు కండ్లు దాని మీదనే," అన్నాడు హనుమండ్లు. మాట తప్పే మనిషి కాడు. గొడవంతా అక్కడే వచ్చింది.

తుమ్మబంకలో పచ్చరంగు కలిపి పర్శరాములుకు తల నుంచి మడమల దాకా పట్టించి, వీపుకు రెక్కలు అతికించారు. నడుముకు తాడు కట్టి, దాన్ని గిరక మీదుగా తెచ్చి రెండో కొస హమాలీల చేతికిచ్చారు. కెమెరాను ఒక తోపుడుబండి మీద నిలబెట్టి, కెమెరామన్‌ను కూడా దాని మీదే కూర్చోబెట్టారు. పత్తి తెచ్చిన అంతయ్య తన ఎడ్లను నీడకు కట్టేసి, ఊరికే వచ్చిన సినిమా కదా అని నిలబడ్డాడు.

"కెమెరా!" అన్నాడు డైరెక్టరు.

పర్శరాములు దూకాడు. అబద్ధమెందుకు, మూడు గజాలు నిజంగానే ఎగిరాడు. నాలుగో గజంలో కిందికి దిగడం మొదలుపెట్టాడు. తాడు బిగించాల్సిన సమయం అదే.

"లాగు! లాగు!" అని అరిచాడు డైరెక్టరు.

కొండల్, హనుమండ్లు పుట్టి బుద్ధెరిగాక తాడును గుంజారు, బస్తాలను గుంజారు, బీడీలను గుంజారు. లాగింది ఏదీ లేదు. వాళ్ళకు లాగంటే తొడుక్కునేది. పైగా పొద్దుటి నుంచి ఆ డైరెక్టరు నోట వేరే మాటే రాలేదు.

"లాగంటుండు రా!" అన్నాడు కొండల్.

"పర్శన్నా! నీ లాగంట! లాగు చూస్కో!"

రెక్కల్లా చాచిన రెండు చేతులనూ పర్శరాములు గాలిలోనే దగ్గరికి తీసుకుని లాగు పట్టుకున్నాడు. డైరెక్టరు రెండు చేతులూ జోడించాడు.

"లాగండీ! బాబ్బాబు, లాగండీ!"

"అగో, అండీ గూడ అంటుండు," అన్నాడు హనుమండ్లు కరిగిపోయి. "లాగు, అండీ అని ఎంత మర్యాదగ చెప్తుండో చూడు పాపం. నువ్వు తాడు వట్టు, నేనురికి నాడా కట్టొస్త." అని తాడు వదిలేసి పోయాడు.

ఒంటరిగా మిగిలిన కొండల్ బక్కమనిషి. పర్శరాములు దిగుతున్న కొద్దీ అతడు పైకి లేచాడు. ఇద్దరూ దారిలో ఎదురుపడి ఒకరినొకరు చూసుకున్నారు కూడా. కొండల్ గిరక దాకా పోయి, తాడు వదిలేసి దాన్ని కౌగిలించుకున్నాడు. పర్శరాములు పత్తికుప్పలో మునిగిపోయాడు.

 తరవాత కుప్ప లేచి నిలబడింది. బంక ఆరలేదు కదా, కుప్పలో సగం పత్తి పర్శరాములుకే అంటుకుంది. ఏడడుగుల తెల్లటి ఆకారం. మొహం లేదు, నోరు లేదు, ఒక చేతిలో ఊడిన పసుపుపచ్చ లాగు. అంతయ్య ఎద్దు పుట్టినప్పటి నుంచి పత్తి మోస్తున్నదే గాని, పత్తి నడవడం ఎన్నడూ చూడలేదు. పలుపు తెంపుకుని ఉరికింది. ఉరుకుతూ ఉరుకుతూ ఆ లాగును కొమ్ముకు తగిలించుకుని పోయింది.

పర్శరాములు సినిమా మరిచిపోయాడు. అతనికి అనసూర్య గుర్తుకొచ్చింది. "నా లాగు! లాగూ! లాగూ!" అని మొత్తుకుంటూ ఎద్దు వెంట పడ్డాడు.

తన మాటను ఎట్టకేలకు ఎవరో అర్థం చేసుకుని తిరిగి తనకే చెబుతున్నారనుకున్నాడు డైరెక్టరు. తోపుడుబండి పిడి పట్టుకుని ఒంట్లో బలమంతా పెట్టి లాగాడు. ముందు డైరెక్టరు, వెనక బండి, బండి మీద కన్ను తియ్యని కెమెరామన్, ఆ వెనక ఎద్దు, దాని వెనక పత్తి. యార్డు చుట్టూ రెండు చుట్లు తిరిగాక రీలు అయిపోయింది. అనసూర్య టిఫిన్ డబ్బా కింద పెట్టి కొంగు మొహం మీదికి లాక్కుంది.

జనార్దన్‌రావు అప్పుడే వచ్చాడు.

"ఎగిరిండా?"

"మూడు గజాలు," అన్నాడు డైరెక్టరు బస్తా మీద కూలబడి.

"నవ్విండా?"

"ఏడ్చాడండీ."

జనార్దన్‌రావు హైదరాబాద్ యాక్టరుకు టెలిగ్రాం కొట్టాడు. ఆయన పేరుతో పోస్టర్లు కూడా అచ్చుకిచ్చాడు. పర్శరాములు ఆ పూట అన్నం ముట్టలేదు. మూడో తలంటులో అతని చెవి వెనక పత్తి ఏరుతూ, "పోనీయయ్యా. ఎవలు గుర్తువట్టలే, గదే మేలు," అని ఓదార్చింది అనసూర్య. అతనికి ఏడుపు ఎక్కువైంది.

పదిహేను రోజులకు డైరెక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. రీలు కడిగి హైదరాబాద్‌లో నలుగురికి వేసి చూపిస్తే, ఒకాయన భయానికి కుర్చీ మీదికి ఎక్కి నిలబడ్డాడట. మిడతలు వద్దు, ఏమీ వద్దు, ఆ దూది రాకాసే విలన్ అన్నారట. హైదరాబాద్ యాక్టరు వచ్చాడు గాని, బంక బకెట్టు చూసి వచ్చిన రైలుకే తిరిగి పోయాడు. పన్నెండు రోజులు పర్శరాములే పత్తిలో పొర్లి వేషం కట్టాడు. గొంతు మాత్రం మద్రాసులో వేరేవారు చెప్పారు. అచ్చయిన పోస్టర్లు దండగెందుకని అలాగే అంటించారు. బొమ్మల పుస్తకం వాళ్ళకు కూడా సంగతి తెలిసి, తరవాతి పుస్తకంలో మిడతల దొరకు తెల్లటి బొచ్చు మొలిపించారు. ఎందుకు మొలిచిందో వాళ్ళూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

సినిమా వచ్చిన రోజు హాలు కిటకిటలాడింది. హుస్నాబాద్ నుంచి శంకరవ్వ బలగమంతా దిగింది. దూది రాకాసి తెర మీదికి రాగానే ఈలలతో రేకులు అదిరాయి. పర్శరాములు ఆగలేక లేచి నిలబడ్డాడు.

"నేనే! గాడు నేనే!"

"కూసోవయ్యా! పోస్టర్ మీద హైదరాబాదోని పేరున్నది."

"మొహం నీదా? లేదాయె. గొంతు నీదా? కాదాయె. మరి నీదేమున్నది దాంట్ల?"

పర్శరాములు బాల్కనీ వైపు చూశాడు. పోస్టర్ల సంగతి గుర్తున్న జనార్దన్‌రావు సీలింగు ఫ్యాను చూస్తున్నాడు. "ఊకో అల్లుడా. ఇంకోపారి అవుపడుదువు తియ్," అంది శంకరవ్వ. పర్శరాములు మెల్లగా కూర్చున్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అనసూర్య లేచింది. ఎవరూ గుర్తుపట్టొద్దని ఆర్నెల్ల నుంచి కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంటున్నది ఆమే.

"నోర్లు ముయ్యుర్రి! గాయన మా ఆయననే!"

"నీకెట్ల ఎర్క చెల్లె? మొహం లేదు గద!"

"మొహమెందుకు? గా ఉరుకుడు చూడుర్రి! ఒక చెయ్యి నడుముకు, ఎడమకాలు అడ్డం ఎగరేసుకుంట. నన్ను చూస్తందుకు హుస్నాబాద్ వచ్చిన్నాడు మా కుక్క ఎంటవడితే సరిగ్గ గట్లనే ఉరికిండు. నవ్వాపుకోలేక, చేసుకుంటె గీయననే చేసుకుంట అన్న మా అవ్వతోని!"

హాలంతా తెరను చూసింది. రాకాసి ఎద్దు వెనక, ఒక చెయ్యి నడుముకు పెట్టుకుని, ఎడమకాలు అడ్డంగా ఎగరేస్తూ ఉరుకుతున్నాడు.

"అవు, అవు!" అని శంకరవ్వ కుర్చీలోంచి లేచింది. "బస్టాండు దాక తరిమింది మా కుక్క! గదే ఉరుకుడు! గాడు మా అల్లుడే!"

హాలు బద్దలయ్యేటట్టు చప్పట్లు పడ్డాయి. కొండల్, హనుమండ్లు వచ్చి పర్శరాములును భుజాల మీద ఎత్తుకున్నారు. జమ్మికుంట అంతా ఒప్పుకుంది. అనసూర్య తానెంత పని చేసిందో అప్పుడు తెలిసి, కొంగులో మొహం దాచుకుని నవ్వింది. బాల్కనీలో జనార్దన్‌రావు మాత్రం చప్పట్లు మరిచి, ఏదో ఆలోచనలో పడ్డాడు.

మూడో భాగానికి విలన్ కావాలి కాబట్టి, ఆ కుక్క ఇంకా ఉందా, ఉంటే ఖాళీగా ఉందా కనుక్కుని రమ్మని తెల్లారే హుస్నాబాద్‌కు మనిషిని పంపాడు.