మైకు కోసం మాస్టారి రేసు జోస్యం

ఆ బుధవారం పొద్దున్న భావనారాయణ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, బస్టాండు దాకా నడిచి వెళ్ళి ఎదురైనవాళ్ళ అభినందనలు అందుకోవాలి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేయాలి. వేసవి సెలవులు కనుక స్కూలు లేదు. అభినందనలకు తగిన కారణం ఉంది. నూజివీడు మోటారు క్లబ్బువాళ్ళు జీపు పందేల సీజనుకు అచ్చు వేయించిన కరపత్రం ముందురోజు సాయంత్రమే ఊరంతా పంచారు. అందులో సగం పేజీ మాస్టారిదే. ‘ఈ సీజనులో మనల్ని ఆశ్చర్యపరచబోయే జట్టు ఏది? డ్రైవరు ఎవరు?’ అని పైన శీర్షిక, కింద ఆయన పేరు, పేరు పక్కన డిగ్రీలు.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతాడు గానీ మనసంతా మోటారు పందేల మీదే. ఇరవై ఏళ్ళుగా మద్రాసు నుంచి పాత మోటారు పత్రికలు తెప్పించుకుని చదువుతున్నాడు. సీమదేశాల్లో ఏ పందెం రోడ్డుకు ఎన్ని మలుపులో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కళ్ళారా మాత్రం ఒక్క పందెమూ చూడలేదు. నిరుడు, అంటే ఎనభై మూడులో, క్లబ్బువాళ్ళు మొదటిసారి పందేలు పెట్టినప్పుడు ఆటలమ్మ పోసి మంచం మీద ఉన్నాడు.

మరి నిరుడు మైకు పట్టుకుని పందెం వ్యాఖ్యానం చెప్పింది ఎవరయ్యా అంటే, అదే స్కూల్లో తెలుగు మాస్టారు గంగాధరం! జీపుకు స్టెప్నీ ఎక్కడుంటుందో తెలియని మనిషి. జీపు మలుపు తిరిగినప్పుడల్లా ఒక పద్యం ఎత్తుకున్నాడట. జనం చప్పట్లు కూడా కొట్టారట. ఈ సంగతి విన్న దగ్గర్నుంచి భావనారాయణకు కడుపు మండిపోతోంది. ఈ ఏడు వెళ్ళి క్లబ్బు కార్యదర్శి పాండురంగారావును నిలదీశాడు. స్పేరుపార్టుల కొట్టు నడిపే పాండురంగారావు ఎవరితోనూ తగువు పెట్టుకోడు.

“సీజన్లో నాలుగు పందేలు కదండీ మాస్టారూ. మొదటిది మన ఊళ్ళో. తర్వాత విస్సన్నపేట, చాట్రాయి, జి. కొండూరు. మన కరపత్రంలో జోస్యం రాయండి, మొదటి పందెంలో అది నిజమైతే మిగతా మూడింటికీ మైకు మీదే. తప్పితే గంగాధరం గారిదే. సరేనా?” అన్నాడు.

భావనారాయణ నాలుగు రాత్రులు లెక్కలు వేసి రాశాడు. ఆశ్చర్యపరచబోయేది చాట్రాయి జట్టు, డ్రైవరు చిన్నరాయప్ప. కారణం కూడా ఇచ్చాడు. పదేళ్ళుగా మామిడి లారీ తోలుతూ ఒక్క పండయినా చితకనివ్వని చెయ్యి అది. స్టీరింగు మీద అంత నెమ్మది ఉన్నవాడు మట్టిరోడ్డు మీద ఎవరినైనా మించిపోతాడు. ఇంత సొంపైన తర్కం ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ అచ్చులో చూసి ఉండరు.

బస్టాండులో మొట్టమొదట ఎదురైనవాడు గంగాధరమే.

“బాగా రాశారండీ. చిన్న సందేహం. చిన్నరాయప్ప గెలుస్తాడని మీరు ముందే చెప్పేశారు కదా, ఇక అతను గెలిస్తే ఆశ్చర్యం ఎక్కడిది? ఆశ్చర్యం లేకపోతే మీ జోస్యం తప్పు. అతను ఓడిపోతే ఎలాగూ తప్పే.”

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఇరవై ఏళ్ళ చదువును ఒక్క సందేహంతో గంగలో కలిపేశాడు ఆ మనిషి! మాస్టారు ఇస్త్రీ చొక్కాతో తొమ్మిదింటికే ఇంటికి వచ్చేశాడు.

ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆయన భార్య సౌభాగ్యలక్ష్మి పుట్టింటివారిది చాట్రాయిలో మామిడితోట. అక్కణ్ణుంచి ఆ పొద్దున్నే ఆరు గంపల పచ్చికాయలు దిగాయి. మంచాల కింద, అటక మీద, దేవుడి గది మూలన అప్పటికే గడ్డి పరిచి కాయలు మాగవేసి ఉన్నాయి. ఒకసారి మాగవేశాక నాలుగైదు రోజుల దాకా వాటిని కదపకూడదనీ, మాటిమాటికీ తెరిచి చూడకూడదనీ ఆవిడ కట్టడి.

“ఇంకా కాయలా! నన్ను కూడా గడ్డిలో పెట్టి మాగెయ్యి, ఓ పనైపోతుంది,” అన్నాడు భావనారాయణ.

“మీరు మాగేరకం కాదు లెండి. ఇవన్నీ చిన్నరసాలు. ఎక్కడ పెట్టాలో నే చూసుకుంటాగా, మీరెళ్ళి మీ రేసులు చూసుకోండి,” అంది ఆవిడ.

ఆయన పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

గురువారం విస్సన్నపేట డ్రైవరు పెద్దిరాజు మోటారు సైకిలు మీద వచ్చి వాకిట్లో దిగాడు. నిరుడు నాలుగు పందేలూ గెలిచినవాడు. చేతిలో కరపత్రం ఉంది.

“ఏంటి మాస్టారూ ఇది? ‘పెద్దిరాజు ఎప్పటిలాగే గెలుస్తాడని అందరూ అనుకుంటారు’ అని రాశారు. ఎప్పటిలాగే ఏంటండీ? నేనేమన్నా ఆర్టీసీ బస్సునా, రోజూ ఒకే టైముకి రావడానికి?”

“అది పొగడ్తేనయ్యా!”

“చాట్రాయివాడికి ఆశ్చర్యం, నాకు ఎప్పటిలాగే! మా ఊళ్ళో తల ఎత్తుకోలేకపోతున్నానండీ.”

అతన్ని సముదాయించి పంపేసరికి మాస్టారి గొంతు ఎండిపోయింది. సాయంత్రం పాండురంగారావు వచ్చాడు. పందెం మొదటి చుట్టులో అన్ని జీపులకూ ముందు నడవాల్సిన పైలట్ కారు పెళ్ళివారితో తిరుపతి పోయిందట. మాస్టారింట్లో షెడ్డులో మూణ్ణెల్లుగా కదలని పాత నీలం కారు ఒకటి ఉంది. మామగారు కూతురి పేరు మీద కొనిచ్చిన కారు. “సరే తీసుకోండి. కానీ నేనే నడుపుతాను,” అన్నాడు భావనారాయణ. మైకు రేపు ఎవరిదైనా, పందెంలో ముందు నడిచే గౌరవం ఒక్కసారైనా తనది అవుతుంది. భార్యకు చెప్పాలనుకున్నాడు గానీ, ఆవిడ ఆ సమయంలో పెరట్లో పక్కింటావిడతో మాట్లాడుతోంది.

అసలు పిడుగు శుక్రవారం పడింది. చిన్నరాయప్ప తల్లి సవరమ్మ చాట్రాయి నుంచి మొదటి బస్సుకే వచ్చింది. చేతిసంచిలో బైబిలు, దానితోపాటు నాలుగుగా మడిచిన కరపత్రం.

“మాస్టారూ, మీ దగ్గర చదువుకున్న బిడ్డకి ఇంత అన్యాయం చేస్తారాండీ?”

“అన్యాయమా! వాణ్ణి ఆకాశానికెత్తాను కదా సవరమ్మా!”

“ఎత్తారు, ఎత్తి కింద పడేశారు. మంగళారం దాకా మా వోడి లారీ కోసం తోటలోళ్ళు క్యూ కట్టేవోళ్ళు. ఈ కాయితం వచ్చిన కాణ్ణుంచి ఒక్కడు లోడు ఇవ్వట్లేదు. ‘రేసు డ్రైవరంట, మన పళ్ళు గుజ్జు చేస్తాడు’ అంటున్నారండీ. సీజన్ మజ్జన లారీ ఖాళీగా నిలబడిపోయింది.”

“చితకనివ్వడనే కదా నేను రాసింది? వాళ్ళు చదవలేదా?”

“పైన రేసని పెద్దక్షరాల్లో ఉంటే కింద చిన్నక్షరాలు ఎవరు చదువుతారండీ? నా కొడుకు నెమ్మదస్తుడని, గెలవడని రాసివ్వండి. తోటలోళ్ళకి చూపిస్తాను.”

భావనారాయణ చిక్కులో పడ్డాడు. రాసిస్తే మైకు పోయినట్టే. రాయకపోతే తన శిష్యుడి నోటిదగ్గర కూడు పోయేట్టుంది. ఎంత ఉడుకుమోతు మనిషి అయినా ఆయన చెడ్డవాడు కాదు. పళ్ళు కొరుకుతూనే కాగితం తీశాడు. ‘చిన్నరాయప్ప నిదానస్తుడు. ఆదివారం పందెం గెలవడు’ అని రాశాడు.

సవరమ్మ కాగితం అందుకోలేదు. “మరి ఎవరు గెలుస్తారని అడుగుతారు కదండీ. అది లేకపోతే ఎవరు నమ్ముతారు? ఏ డ్రైవరు పేరూ రాయమాకండి, ఇంకో తల్లి ఉసురు మీకెందుకు? మీ కారుందిగా షెడ్డులో, అది గెలుస్తుందని రాయండి.”

“నా కారా! అది పందెంలో లేదు!”

“లేకపోతేనే మంచిదండీ. ఎవరికీ నష్టం లేదు. రాయండి.”

విసుగొచ్చి, కోపమొచ్చి, ఇక వాదించే ఓపిక లేక, ‘మా నీలం కారు గెలుస్తుంది’ అని కలంతో కాగితాన్ని పొడిచినట్టు రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చాడు. సవరమ్మ దాన్ని బైబిల్లో పెట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్నే సౌభాగ్యలక్ష్మి పేరంటానికి వెళ్ళింది. భావనారాయణ కారు కడిగి, కొత్త బ్యాటరీ పెట్టించి, పెట్రోలు పోయించాడు. డిక్కీ మూత ఇనుపతీగతో కట్టి ఉంది. దాని తాళం ఏనాడో పాడైంది కనుక అదేమీ వింతగా అనిపించలేదు. వెనకవైపు కాస్త కిందికి దిగినట్టుంది, ముసలికారు కదా అనుకున్నాడు. మామిడి వాసన వచ్చింది గానీ, మే నెలలో నూజివీడులో వాసన రాని చోటేది?

తోటల మధ్య మూడు మైళ్ళ మట్టిరోడ్డు చుట్టు. రోడ్డుకు రెండువైపులా జనం. వేదిక మీద మైకు ముందు గంగాధరం అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు. ముఖ్య అతిథి యలమంద గారు రైసుమిల్లు యజమాని. పన్నెండింటికి పెళ్ళి భోజనానికి అందుకోవాలని గడియారం చూసుకుంటూ, నలుపు తెలుపు గళ్ళ జెండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మోటారు పందెం ఆయన కూడా చూడటం అదే మొదటిసారి. ‘అవతలి నుంచి ముందు వచ్చిన బండికి జెండా ఊపాలి’ అని మాత్రమే ఎవరో ఆయనకు చెప్పారు.

భావనారాయణ కారు కదిలింది. వెనక నాలుగు ఊళ్ళ జీపులూ హోరుమంటూ కదిలాయి. మొదటి చుట్టు పూర్తయి పైలట్ కారు పక్కకు తప్పుకునేదాకా ఎవరూ దాన్ని దాటకూడదని నిబంధన. ఇరవై మైళ్ళ వేగం మించకుండా, వీపు నిటారుగా పెట్టి, మోటారు పత్రికల బొమ్మల్లో చూసిన పద్ధతిలో మాస్టారు నడుపుతున్నాడు. జీవితంలో అంత సంతోషం ఆయన ఎప్పుడూ ఎరగడు.

ఒకటిన్నర మైలు దగ్గర లారీలు తవ్విన గొయ్యి ఒకటి ఉంది. కారు దాంట్లో దబ్బున పడి లేచింది. ఇనుపతీగ తెగింది. డిక్కీ నోరు తెరిచింది. ఆరు గంపల చిన్నరసాలు, సరిగ్గా ఆరోజుకే పసుపు తిరిగినవి, గడ్డితో సహా రోడ్డు మీద పరుచుకున్నాయి.

ఇంకెక్కడైనా అయితే జీపులు వాటిని తొక్కుకుంటూ పోయేవి. కానీ ఆ నలుగురూ తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు. పండు మీద చక్రం ఎక్కించడమా? చిన్నరాయప్ప అందరికంటే ముందు బ్రేకు మీద నిలబడ్డాడు. పెద్దిరాజు జీపు అతన్ని గుద్దబోయి పక్కనున్న కాలవలో దిగింది. మిగతా రెండూ ఎలాగో ఆగాయి. నలుగురు డ్రైవర్లూ దిగి, చొక్కాలు విప్పి పళ్ళు ఏరడం మొదలుపెట్టారు. జనం కూడా రోడ్డు మీదికి దూకారు. కొందరు ఏరారు, ఎక్కువమంది అక్కడే నిలబడి చీకారు.

“ఆగండి! పళ్ళు! మాస్టారూ, పళ్ళు!” అని అరుపులు. ఇంజను మోతలో మాస్టారికి చప్పట్లలా వినిపించాయి. పక్క అద్దంలో చూస్తే జీపులు ఆగి ఉన్నాయి. అనుభవం లేని డ్రైవర్లు, మలుపుకే బెదిరిపోయారని చీదరించుకున్నాడు. పైలట్ కారు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకూడదని పత్రికలో చదివాడు. ఆగలేదు. చుట్టు ముగించి, ఒంటరిగా, వెనక డిక్కీ తలుపు ఊపుకుంటూ గీత దాటాడు. యలమంద గారు లేచి భక్తితో జెండా ఊపి, కప్పు తెచ్చి కారు కిటికీలోంచి ఒళ్ళో పెట్టి, “శుభం” అని పెళ్ళికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అరగంట వేదిక దగ్గర ఎవరేం మాట్లాడారో ఎవరికీ తెలియదు. పైలట్ కారు గెలవడమేమిటని పెద్దిరాజు బురద కాళ్ళతో కేకలు. ముఖ్య అతిథి ఇచ్చిన కప్పు వెనక్కి ఎలా తీసుకుంటామని పాండురంగారావు గుటకలు. చిన్నరాయప్ప చొక్కానిండా పళ్ళు తెచ్చి, “ఒక్కటి కూడా చితకలేదండీ మాస్టారూ,” అన్నాడు. ఆ మాట విన్న తోటల యజమానులు ఇద్దరు అక్కడికక్కడే అతని లారీకి లోడు మాట్లాడుకున్నారు.

“సంతోషమే. మరి జోస్యం తప్పినట్టే కదా మాస్టారూ?” అన్నాడు గంగాధరం మైకులోనే, ఊరంతా వినేటట్టు.

“తప్పలేదండీ!” అంటూ సవరమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. బైబిల్లోంచి కాగితం తీసి ఇచ్చింది. గంగాధరం చదవక తప్పలేదు. చిన్నరాయప్ప గెలవడు, మా నీలం కారు గెలుస్తుంది, సంతకం, శుక్రవారం తేదీ. 

భావనారాయణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకంటే ఆశ్చర్యం ఎక్కడుంది? ఎవరికీ తట్టనిది, తనకే తట్టనిది! మైకు అందుకోవడానికి చెయ్యి చాచాడు.

“ఆగండి,” అన్నాడు గంగాధరం. “పందెంలో లేని కారు గెలుస్తుందని మొదట అన్నది ఎవరు?”

“నేనేనండీ,” అంది సవరమ్మ. “మాస్టారు వద్దంటూనే ఉన్నారు. పట్టుబట్టి నేనే రాయించాను.”

పాండురంగారావు ఇద్దరు మాస్టార్లనూ చూశాడు. మూణ్ణెల్లుగా వాళ్ళ తగువుతో ఆయనకు నిద్ర లేదు. “చెప్పింది సవరమ్మ, రాసింది మాస్టారు. జోస్యం చెప్పినవాళ్ళదేనండీ,” అని మైకు తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాడు. భావనారాయణ ఎంత అరిచినా మైకు లేని అరుపు కనుక ఎవరికీ వినపడలేదు. సౌభాగ్యలక్ష్మి ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు. కారు తన పేరు మీదే ఉంది కనుక కప్పు మాత్రం తీసుకుని, టెంకలు వేసుకోవడానికి భోజనాల దగ్గర పెట్టింది.

మిగతా మూడు పందేలకూ సవరమ్మే వ్యాఖ్యానం చెప్పింది. “మెల్లిగా నాయనా, మెల్లిగా పో” అని తల్లి మైకులో నాలుగూళ్ళకు వినపడేలా చెబుతుంటే చిన్నరాయప్ప వినక ఏం చేస్తాడు, మూడింట్లోనూ ఆఖరున వచ్చాడు. ఇలా జరుగుతుందని భావనారాయణ మాస్టారికి ముందే తెలుసు గానీ, ఆయన్ని ఎవరూ అడగలేదు.