చెవులు కాపాడే చద్దరు

సోలాపూర్ అశోక్ చౌక్ పరిసరాల్లో విజ్ఞాన శాస్త్రం పచ్చగా వర్ధిల్లుతున్నదని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. అనుమానం ఉన్నవారు చౌక్‌లో నిలబడి తల ఎత్తి చూడవచ్చు. ఆకాశం కనిపించదు, ఫ్లెక్సులు కనిపిస్తాయి. ఒకదాని మీద బీఎస్సీ పాసైన విశాల్ ఉంటాడు. పక్కదాని మీద బీఎస్సీ మళ్లీ రాయడానికి ధైర్యం చేసిన అతని తమ్ముడు ఉంటాడు. అభినందించేవాళ్ల ఫోటోలు పెద్దవి, అవి చాలా ఉంటాయి. అందుకే విద్యార్థి ఎక్కడున్నాడో కనిపెట్టడం కన్నతల్లికి కూడా కొంచెం కష్టం.

ఈ అభినందనలన్నిటికీ బాధ్యత మాదే. మేమంటే భవాని పేట్ విజ్ఞాన గుణగౌరవ సమితి. అధ్యక్షులు రాజారాం శేఠ్, చద్దర్ల కార్ఖానా యజమాని. కార్యదర్శిని నేను. మన నేతవాళ్ల పిల్లలు ఏ శాస్త్రం చదివినా, అది ఏ శాస్త్రమని అడిగి ఇబ్బంది పెట్టకుండా శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, ఫోటో తీసి ఇంటికి పంపడం మా సమితి ఆశయం. ఆ తర్వాత వాళ్లు ఏం చేస్తారన్నది మా పరిధిలోకి రాదు. అయినా చెబుతాను. భౌతిక శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన వినాయక్ ఫ్లెక్సుల దుకాణం పెట్టుకున్నాడు. కాంతి గురించి చదివినదంతా మా సమితి సభ్యుల బుగ్గలు తెల్లగా చేయడానికి వాడుతున్నాడు. రసాయన శాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్న శుభమ్ బస్టాండు దగ్గర చాయ్ కాస్తున్నాడు. చాయ్‌లో అల్లం ఎప్పుడు వేయాలో అతనికి శాస్త్రీయంగా తెలుసు. చదువు వృథా పోయిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

వీళ్లందరినీ తయారు చేసింది ఊరి బయట ఉన్న జ్ఞానతరంగ విశ్వవిద్యాలయం. దాని పరిశోధనా విజయాలు ఒక్క నోటితో చెప్పలేం. దసరా ముందు రోజు ఖండే నవమికి మన ఇళ్లలో పనిముట్లకు పూజ చేస్తాం కదా, అక్కడ ప్రయోగశాలలో యంత్రాలకూ చేస్తారు. ఒక ఏడు భక్తి ఎక్కువై, నీటిలో రంగు ఎంతుందో కొలిచే యంత్రం లోపలి అద్దానికి కూడా కుంకుమ పెట్టారు. అప్పటి నుంచి ఏ నీళ్లు పోసినా యంత్రం ఎరుపే చూపిస్తున్నది. సోలాపూర్ నీళ్లలో అంతుచిక్కని ఎరుపు ఉన్నదని దాని మీద ఇద్దరు డాక్టరేట్లు పొందారు. ఇద్దరికీ మేమే సత్కారం చేశాం. అద్దం తుడవాలని సలహా ఇచ్చిన కుర్రవాణ్ణి క్రమశిక్షణ లేదని పంపించేశారు.

ఇంతటి సంస్థలో మన ఋతుజ మీద మచ్చ పడింది. ఆమె కొలిచినదాన్ని కొలిచినట్టే రాసింది.

ఋతుజ మన పెంటప్ప కూతురు. పెంటప్ప రాజారాం శేఠ్ కార్ఖానాలో సాంచా నడుపుతాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. అది ధడధడలాడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి పెదవులు చూసి మాట గ్రహించాలి. మా పేట్‌లో అందరం అట్లాగే మాట్లాడతాం. పెళ్లి చూపుల్లో కూడా గట్టిగా అరుస్తాం, బయటి ఊళ్లవాళ్లు దాన్ని కొట్లాట అనుకొని లేచి పోతారు. ఈ చప్పుడు మీదే ఋతుజ పరిశోధన. సాంచా పనివాళ్లను ఒక్కొక్కరిని పిలిచి, చెవులకు యంత్రం తగిలించి, కూత వినపడగానే చేయి ఎత్తమన్నది. మావాళ్లు మర్యాదస్తులు. మన పిల్ల చిన్నబుచ్చుకోకూడదని, యంత్రం మొదలుపెట్టక ముందే చేతులెత్తారు. ఆమె విసుక్కోకుండా అందరికీ మళ్లీ పరీక్ష చేసింది.

తేలింది ఏమిటంటే, ఏళ్ల తరబడి సాంచా నడిపినవాళ్లలో సగం మందికి పైగా చెవులు పోయాయి. మిగిలినవాళ్లవి కాపాడవచ్చు. పెంటప్ప కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి ఇంకా కొంత పని చేస్తున్నది. కొన్నాళ్లు సాంచాకు దూరంగా ఉంటేనే అది దక్కుతుందని డాక్టరు కూడా చెప్పాడు.

డాక్టరేటు వచ్చిందని తెలియగానే సమితి అత్యవసరంగా సమావేశమైంది. ఋతుజ తానే వచ్చి శేఠ్ ముందు నిలబడింది.

"శేఠ్, నాకు సత్కార్ వద్దు. మా నాయినను సాంచా మీదికెళ్లి దించి, చద్దర్లు మడిచి ఘడీలు పెట్టే కాడ కూసోబెట్టుండ్రి. సాంచాల కింద రబ్బర్ ఎయ్యిండ్రి. అందరికి చెవుల మూతలు ఇయ్యిండ్రి. గింతే నేనడిగేది."

శేఠ్ కళ్లు చెమర్చాయి. మా వైపు తిరిగాడు.

"ఇన్నరా, సత్కార్ వద్దంటుంది. గింత నమ్రత ఎవలకుంటది? ఈ పిల్లకు చిన్న సత్కార్ చేస్తే మన ఇజ్జత్ పోతది."

"శేఠ్, నేను చెప్పింది ఇన్నరా మీరు?"

"బరాబర్ ఇన్న బేటీ. రబ్బర్ సంగతి నంతర్ చూద్దాం. పహ్లే సత్కార్."

మామూలు శాలువా ఈమెకు సరిపోదని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆమె ముఖమే బొమ్మగా వేసి ప్రత్యేక చద్దరు నేయించాలి. దాని కింద ఆమె సందేశం ఉండాలి. వినాయక్ కంప్యూటర్లో నమూనా గీశాడు. ముఖం బొమ్మ చెదరకుండా నేయగల చేయి మా పేట్‌లో పెంటప్పదే. కూతురి చద్దరును తండ్రి చేతే నేయించాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గుర్తు లేదు. బహుశా నాకే వచ్చి ఉంటుంది.

ఆ గౌరవం తెలియజేయడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. పెంటప్ప భార్య సుందరాబాయి చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. నేను ఎడమ వైపు నిలబడి గట్టిగా చెప్పాను. పెంటప్ప ముఖం వెలిగిపోయింది.

"నా బిడ్డ మొకం ఇంకొకని సాంచా మీద ఎట్ల నేస్తరు? నేనే నేస్త" అన్నాడు.

ఋతుజ అతని ఎడమ చెవి దగ్గరికి వచ్చి కూర్చుంది. "నాయినా, డాక్టర్ ఏమన్నడు? ఈ చెవన్న దక్కాలంటే సాంచా ముట్టొద్దన్నడు."

"ఈ ఒక్క చద్దర్ బిడ్డా. నేసి దిగుత."

"అయితే ఈ మూతలన్న పెట్టుకో."

"అవి పెట్టుకుంటే పోగు తెగింది నాకెట్ల ఎరుకైతది? పోగు తెగితే సాంచా సప్పుడు మారుతది. ఆ సప్పుడు ఇని ఆపాలె. లేకపోతే నీ మొకం మీదనే గీత పడుతది."

సుందరాబాయి చాట పక్కన పెట్టి నా వైపు చూసింది. "అన్నా, మీ సత్కార్ జర ఎనకకు జరుపుండ్రి. కొబ్బరికాయ ఏమన్న ఖరాబైతదా?"

ఇట్లాంటి ప్రశ్నలకు ఓర్పుగా జవాబు చెప్పడం కార్యదర్శి విధి. సత్కారానికి మంగల్ కార్యాలయం హాలు మాట్లాడేశామని, ఫ్లెక్సుల మీద తేదీ పడిపోయిందని, ఫ్లెక్సు మీద పడ్డ తేదీని మార్చే అధికారం ఎవరికీ లేదని వివరించాను. ఆమె మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. ఒప్పుకున్నదనే రాసుకున్నాను.

ముందు ఒక చద్దరే అనుకున్నాం. కాని ముఖ్య అతిథికి ఇవ్వకుండా ఋతుజకు ఒక్కదానికే ఇస్తే బాగుండదు. ముఖ్య అతిథికి ఇస్తే విశ్వవిద్యాలయంలో ఋతుజ విభాగాధిపతి అలుగుతాడు. ఆయనకు ఇస్తే ఎరుపు మీద డాక్టరేట్లు పొందిన ఆ ఇద్దరికీ ఇవ్వాలి. సమితి సభ్యులం మేమేం పాపం చేశాం? ఇట్లా వరుస పెరిగింది. అన్నీ పెంటప్ప చేతి మీదే రావాలి కాబట్టి అతను పగలూ రాత్రీ సాంచాల మధ్యనే ఉన్నాడు. ఋతుజ రోజూ కార్ఖానా గేటు దగ్గరికి వచ్చి నిలబడేది, శేఠ్‌ను కలవాలని. శేఠ్ ఆమె సత్కారం పనుల్లోనే తలమునకలై ఉండడం వల్ల కలవలేకపోయాడు. ఆమె చద్దరు అన్నిటికన్నా బాగా రావాలని పెంటప్ప దాన్ని చివరికి పెట్టుకున్నాడు. కార్యక్రమం ముందు రోజు నేసి దిగాడు.

కార్యక్రమం దిగ్విజయంగా జరిగింది. అశోక్ చౌక్ నుంచి ఊరేగింపు తీశాం. ముందు ఢోల్ తాషా, వెనక లారీ మీద పెద్ద పెద్ద స్పీకర్లు. చప్పుడు మీద పరిశోధన చేసిన పిల్లకు చప్పుడు తక్కువైందన్న మాట రాకూడదని నేను స్వయంగా చూసుకున్నాను. దారి పొడవునా కిటికీల అద్దాలు అదిరాయి.

విభాగాధిపతి అద్భుతంగా మాట్లాడారు. "ఈ సిద్ధాంత గ్రంథాన్ని నేను ఇంకా చదవలేదు. కాని రెండు చేతులతో ఎత్తి చూశాను. ఇంత బరువైన పరిశోధన మా విశ్వవిద్యాలయ చరిత్రలో లేదు. ఎరుపు తర్వాత మాకు దక్కిన మహా విజయం ఈ చప్పుడే" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత శేఠ్ లేచాడు. "భావులారా, బహిణులారా, మన సాంచాల సప్పుడు ఇయ్యాల యూనివర్సిటీ దాక పోయింది. మనం సప్పుడు చెయ్యకుంటే ఋతుజ దేని మీద రీసెర్చ్ చేస్తుండె? ఈ డాక్టరేట్‌ల సగం హక్కు మన సాంచాలది. ఇంక కొన్ని కొత్త సాంచాలు ఎయ్యాలని అనుకుంటున్న. మీ పిల్లలు గూడ డాక్టర్లు కావాలె" అన్నాడు. నాకు గుండె పొంగింది.

చద్దరు విప్పి ఋతుజకు కప్పాం. ఆమె భుజం మీది నుంచి తీసి, రెండు చేతులతో ముందుకు చాచి చూసుకుంది. అచ్చం ఆమె ముఖమే, నవ్వుతున్నది. కింద తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలు: చప్పుడు తగ్గించండి, చెవులు కాపాడండి. బొమ్మలో చెవి దగ్గర మాత్రం ఒక పోగు తప్పి, మెడ దాకా సన్నని గీత పడింది. మేమంతా దాన్ని చెవి లోలాకు అనుకున్నాం. లోలాకు ఒకవైపే ఉందేమిటని వినాయక్‌ను అడిగితే, తన నమూనాలో లోలాకే లేదన్నాడు.

ఋతుజ ఆ గీత మీద వేలు పెట్టి పై నుంచి కింద దాకా జరిపింది. మైకు ముందు రెండు మాటలు చెప్పాలని కార్యక్రమ పత్రికలో స్పష్టంగా ఉన్నది. ఆమె మైకును వదిలేసి, చద్దరు పట్టుకొని వేదిక దిగి, ముందు వరుసలో కూర్చున్న తండ్రి దగ్గరికి వెళ్లింది. నాకు చిరాకు పుట్టింది.

ఎడమ చెవి దగ్గర వంగి అడిగింది. "నాయినా, ఈడ పోగు ఎప్పుడు తెగింది?"

పెంటప్ప తల తిప్పి ఆమె పెదవుల వైపు చూశాడు. "మంచిగొచ్చింది బిడ్డా. నవ్వుతున్నవ్ అండ్ల" అన్నాడు.

ఆమె మళ్లీ ఆ చెవిలోనే అరిచింది. "నాయినా, నేను ఇనవడ్తున్ననా?" చిన్నప్పటి నుంచి మెల్లగా మాట్లాడే పిల్ల, హాలు వెనక గోడ దాకా వినపడేట్టు అరిచింది. పెంటప్ప ఇంకా ఆమె పెదవులనే చూస్తున్నాడు. పక్కనే ఉన్న సుందరాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనానికి ఆ గొంతు నచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. కదులుతున్న చేతులు చూసి పెంటప్ప కూడా కొట్టాడు.

ఋతుజ తిరిగి మైకు దగ్గరికి వచ్చింది. "నా రీసెర్చ్ అంత ముంగటి లైన్ల కూసున్నది. సదువుకోండ్రి" అని చెప్పి దిగిపోయింది. ఇంత చిన్న ఉపన్యాసం మా వేదిక మీద ఎన్నడూ జరగలేదు. అయినా మేము పెద్ద మనసుతో దానికీ చప్పట్లు కొట్టాం.

సమితి మాటలతో సరిపెట్టే రకం కాదు. ఋతుజ సిఫార్సులన్నీ అమలు చేశాం. పోగు తెగిన చప్పుడు వినలేనివాడు సాంచా మీద పనికిరాడు కాబట్టి పెంటప్పను ఘడీలు పెట్టే దగ్గరికి మార్చాం. ఆమె కోరింది అదే. రబ్బరు కూడా తెప్పించి శేఠ్ ఆఫీసు తలుపులకు, కిటికీలకు వేయించాం. చద్దరు ఫోటో ఫోన్లలో తిరిగి ఆర్డర్లు వచ్చి పడుతున్నాయి, ఈ గోలలో శేఠ్‌కు ఫోన్లో మాట అందాలి కదా. ఇప్పుడు కార్ఖానాలో సాంచాలన్నీ ఆ ఒక్క చద్దరునే నేస్తున్నాయి. ఆగింది లేదు. బొమ్మలో ఆ గీతను కూడా అట్లాగే ఉంచాం. కొనేవాళ్లకు లోలాకు నచ్చింది.

ఋతుజ మాత్రం మారలేదు. పని మొదలయ్యే వేళకు గేటు దగ్గర నిలబడి, లోపలికి పోయే ప్రతి మనిషికీ చెవుల మూతలు ఇస్తున్నది. మాకు సత్కారం చేసే అవకాశం మళ్లీ ఇవ్వనని చెప్పింది. పెద్దవాళ్లు మర్యాదగా తీసుకొని జేబులో పెట్టుకుంటున్నారు. కొందరు పడుచువాళ్లు నిజంగానే పెట్టుకుంటున్నారట. దీని మీద శేఠ్ ఆందోళన వ్యక్తం చేశాడు. వాళ్లకు సమితి ప్రకటనలు వినపడకపోతే ఎట్లా?

చద్దరు కావలసినవారు నాకు ఫోన్ చేయవచ్చు. దయచేసి గట్టిగా మాట్లాడండి, ఈ మధ్య ఫోన్లు సరిగ్గా తయారు చేయడం లేదు. చద్దరు మాత్రం మంచి నూలుది, వెచ్చగా ఉంటుంది. తల మీదుగా కప్పుకుంటే బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాదు, సాంచాదీ రాదు, మనిషిదీ రాదు. కొన్నవాళ్లంతా హాయిగా నిద్ర పడుతున్నదని చెబుతున్నారు. మీకూ పడుతుంది.